ఐదేళ్ల హాట్ టబ్: మామూలు ప్లగ్గు నుంచి 50 ఆంప్స్ లైనుకి

మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. పెరట్లో నలుగురు వేణ్నీళ్లలో కూర్చునే హాట్ టబ్‌కి ఈ చలికాలంతో ఐదేళ్లు నిండాయి. టబ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగుంది. మూత ఒకసారి మార్చాం, అంతే. నేను రాస్తున్నది దానికిచ్చిన కరెంటు లైను గురించి. మేం పడ్డ తిప్పలన్నీ అక్కడివే.

మాది 120 వోల్టుల మీదా, 240 మీదా నడిచే రకం. మామూలు ప్లగ్గులో పెడితే చాలు, ఎలక్ట్రీషియన్ ఖర్చుండదు అనగానే పడిపోయాను. గుంటూరులో గీజర్ ప్లగ్గు చూసి పెరిగిన బుర్ర కదా! అక్కడ 230 వోల్టులు, 16 ఆంప్స్. మూడు కిలోవాట్ల గీజర్ సునాయాసంగా నడుస్తుంది. ఇక్కడి గోడ ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంప్స్. అంతా కలిపి 1,800 వాట్లు, గంటల తరబడి నడిచేవాటికి అందులో 80 శాతమే లెక్క. పంపుకి పోగా హీటర్‌కి మిగిలేది ఒక కిలోవాట్.

టబ్‌లో పట్టేవి 320 గ్యాలన్లు, అంటే 1,200 లీటర్ల పైమాటే. ఒక కిలోవాట్‌తో గంటకి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్, ఇంకాస్త. శుక్రవారం రాత్రి నింపితే ఆదివారం మధ్యాహ్నానికి దిగగలిగాం. అదీ సర్దుకుపోవచ్చు. అసలు చిక్కు, నీళ్లు చిమ్మే జెట్లు జోరుగా తిరుగుతున్నంతసేపూ హీటర్ ఆగిపోతుంది. రెండూ ఒకేసారి నడిపే బలం ఆ ప్లగ్గుకి లేదు. జనవరిలో మా మామయ్యగారు మోకాళ్ల నొప్పులకి మంచిదని దిగి, అరగంటకి తల బయటపెట్టి, "అల్లుడుగారూ, ఇవి వేణ్నీళ్లా, చన్నీళ్లా?" అన్నారు.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. టబ్ పెట్టిన ప్లగ్గుకీ, గ్యారేజీలో రెండో ఫ్రిజ్‌కీ లైను ఒకటేనని చూసుకోలేదు. బ్రేకర్ పడిపోయిన సంగతి రెండు రోజులకి తెలిసింది. దోసె పిండి పొంగి షెల్ఫుల మీంచి కారుతోంది, మటన్ సంగతి చెప్పక్కర్లేదు. ప్లగ్గు మీదే నడపాలనుకున్నా సరే, ఆ లైను మీద ఇంకేమీ ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ తీగ అసలే వద్దు.

ఆ వేసవిలో 240కి మార్పించాను. సిటీ పర్మిట్‌తో కలిపి 1,600 డాలర్లయింది. మెయిన్ ప్యానెల్ 200 ఆంప్స్ కాబట్టి చోటు దొరికింది. ముందు ఇంటి లోడంతా లెక్కేయించాం, ఎందుకంటే తర్వాత కారు చార్జర్ పెట్టే ఆలోచన ఉంది. 50 ఆంప్స్ జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను ఆపేసే రకం), ఆరో గేజ్ మందం రాగి తీగలు నాలుగు: రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్. బయట ఆఫ్ చేసుకునే పెట్టె టబ్‌లోంచి కనబడాలి, నీళ్లకి కనీసం ఐదడుగుల దూరంలో ఉండాలి. మాది కంచె పక్కన పెట్టారు.

స్విచ్ వేయగానే బ్రేకర్ టప్పున పడింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. వైరింగ్ చేసినాయన రెండుసార్లొచ్చి, టబ్‌లోనే లోపముందని తేల్చేశాడు. వేరే అతను వచ్చి పెట్టె విప్పి పది నిమిషాల్లో పట్టేశాడు. టబ్ నుంచొచ్చే తెల్ల తీగ, అంటే న్యూట్రల్, బ్రేకర్‌కి బిగించాలి. దాన్ని తీసుకెళ్లి నేరుగా న్యూట్రల్ పట్టీకి బిగించారు. బ్రేకర్ చేసే పని వెళ్లిన కరెంటూ, తిరిగొచ్చిన కరెంటూ సరిచూడటమే. తిరుగుదారి తనని తప్పించుకుపోతే ఎక్కడో లీకవుతోందనుకుంటుంది. ఐదారు మిల్లీ ఆంప్స్ తేడా చాలు, పడిపోతుంది.

ఇప్పుడు అదే హీటర్ నాలుగు కిలోవాట్లు. కాయిల్ మారలేదు, వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. జెట్లు తిరుగుతున్నా ఆగదు. ఉదయం నింపితే సాయంత్రం కూర్చుంటున్నాం. కరెంటు బిల్లు దీనివల్ల పెరిగిందనిపించలేదు, నీళ్లు అంతే వేడెక్కడానికి యూనిట్లూ అంతేగా.

పోయినేడు బ్రేకర్ మళ్లీ పడటం మొదలైంది. ఈసారి టెన్షన్ పడలేదు. లైను ఆపించి హీటర్ తీగలు విప్పించి, మళ్లీ వేసి చూస్తే బ్రేకర్ నిలబడింది. అంటే హీటరే పాడైంది, కొత్తది వేయించాం. బ్రేకర్ మీది టెస్ట్ బటన్ మాత్రం నెలకోసారి నొక్కుతాను. ఇద్దరే ఉండి, నీళ్లు ఎప్పుడూ వేడిగానే ఉంచుకుని, జెట్లు పావుగంటకి మించి వాడనివాళ్లకి మామూలు ప్లగ్గు సరిపోతుంది. మామయ్యగారు వచ్చే ఇంటికి చాలదు.