లేహ్‌కు బైక్ మీద: ఈసారి శ్రీనగర్ మీదుగా ఎక్కి, మనాలి మీదుగా దిగాం

మూడేళ్ల క్రితం జూన్‌లో మా బావా, నేనూ మనాలిలో బైక్ అద్దెకు తీసుకుని లద్దాఖ్‌లోని లేహ్‌కు బయలుదేరాం. లేహ్ చూడకుండానే వెనక్కి వచ్చేశాం. ఈ వేసవిలో మళ్లీ వెళ్లాం. పద్నాలుగు రోజులు తిరిగి, చూడాలనుకున్నవన్నీ చూసి క్షేమంగా ఇంటికి చేరాం. ఏ వైపు నుంచి ఎక్కాం, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నాం అన్నదాంట్లోనే ఈ రెండు ప్రయాణాలకీ తేడా వచ్చింది. వెళ్లాలనుకునేవాళ్లకు ముందు ఆ సంగతి చెప్పాలి.

మొదటిసారి జరిగింది ఇది. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పొద్దున బయలుదేరి, అటల్ టన్నెల్ దాటి, మధ్యాహ్నానికి జిస్పా చేరాం. భాగా నది పక్కన చక్కటి ఊరు, 3,200 మీటర్ల ఎత్తు. ఇంకా బోలెడు పొద్దుంది కదా, ఇప్పుడే ఆగడమెందుకని ముందుకు పోయాం. 4,890 మీటర్ల బారాలాచా లా (లా అంటే కనుమ) ఎక్కి దిగి, సాయంత్రానికి సార్చు టెంట్లకు చేరాం. సార్చు ఎత్తు దాదాపు 4,300 మీటర్లు. అంటే ఒక్క పగట్లో 2,200 మీటర్లు పైకి వెళ్లి అక్కడే పడుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి బావకు తలనొప్పి మొదలైంది. పదింటికి వాంతులు. పడుకుంటే ఊపిరి అందడం లేదని తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. టెంట్ల వాళ్లు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టారు గానీ, దిగిపోవడమే దీనికి మందు అన్నారు.

సార్చుతో ఉన్న చిక్కు నాకు అప్పుడే అర్థమైంది. అక్కడి నుంచి ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. లేహ్ వైపు నకీ లా, లాచులుంగ్ లా, టాంగ్లాంగ్ లా ఉన్నాయి. మనాలి వైపు బారాలాచా ఉంది. అందుకే ఒళ్లు అలవాటు పడకుండా పడుకోవడానికి అంత చెడ్డ చోటు ఆ దారిలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. లేహ్ వైపు ముందుకు పోతే వచ్చే పాంగ్ ఇంకా ఎత్తు, 4,600 మీటర్లు. పొద్దున్నే ఖాళీగా వెళ్తున్న జీపులో బావను ఎక్కించి, వెనకే బైక్ మీద నేను జిస్పా దిగాను. మధ్యాహ్నానికి ఆయన లేచి అన్నం తిన్నారు.

ఈసారి నెల ముందే కాగితం మీద ఊళ్ల పేర్లు, పక్కన ఎత్తులు రాసుకుని కూర్చున్నాం. కిలోమీటర్ల లెక్క ఆ తర్వాతే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. మనాలి దారిలో ఆ లెక్క కుదరదు. శ్రీనగర్ దారిలో దాదాపుగా కుదురుతుంది. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, కార్గిల్ సుమారు 2,700, లామాయురు 3,500, లేహ్ కూడా 3,500. మధ్యలో అన్నిటికంటే ఎత్తైన ఫోటు లా కూడా 4,108 మీటర్లే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టర్‌నే అడగండి. మేం అడిగే వాడాం.

బైక్ సంగతి. అద్దె బైక్‌తో ఒక ఇబ్బంది ఉంది. లద్దాఖ్ బయట అద్దెకు తీసుకున్న బైక్‌లను లేహ్ దాటి నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు పోనివ్వరు. అక్కడ మళ్లీ లేహ్ బైక్ తీసుకోవాల్సిందే. అందుకే ఈసారి మా సొంత 350 సీసీ బైక్‌ను ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల ద్వారా జమ్మూకు పంపాం. చెప్పినదానికంటే మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, ఒక ఇండికేటర్ విరిగింది. అయినా మళ్లీ వెళ్తే ఇదే చేస్తాను. మనం నడిపే బండి శబ్దం మనకు తెలుస్తుంది. పైన ఏ చిన్న తేడా వచ్చినా వెంటనే పసిగట్టగలం. పంపేముందు ఫొటోలు తీసి, బండి మీదున్న గీతలన్నీ రసీదు మీద రాయించుకోండి. క్లచ్ కేబుల్, రెండు ట్యూబులు, చైన్ స్ప్రే, పంక్చర్ సామాను వెంట ఉండాలి. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. ఇద్దరిలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ తీసుకోండి.

జమ్మూ నుంచి శ్రీనగర్ దాకా ఎండ, లారీలు. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, బానిహాల్ టన్నెల్ దాటాక ఒక్కసారిగా కనిపించే పచ్చటి లోయ తప్ప. సోన్‌మర్గ్ టన్నెల్ 2025 జనవరిలో తెరిచాక అక్కడిదాకా దారి తేలికైంది. ఆ తర్వాత జోజి లా. ఎత్తు 3,528 మీటర్లే గానీ, మా దారి మొత్తంలో ఎక్కువ భయపడింది అక్కడే. మట్టి, బురద, ఒక పక్క లోయ, ఎదురుగా లారీలు. ఏ వైపు బళ్లను ఎప్పుడు వదులుతున్నారో సోన్‌మర్గ్‌లోనే పోలీసులను అడిగి తెలుసుకోండి. పొద్దున మొదటి విడతలో వెళ్లడం మంచిది. దాటాక ద్రాస్‌లో కార్గిల్ యుద్ధ స్మారకం దగ్గర గంటసేపు ఆగాం. వెనక తోలోలింగ్ కొండ, ముందు అమరుల పేర్లున్న గోడ. ఇద్దరం మాట్లాడుకోలేదు.

కార్గిల్‌లో హోటల్ ఓ మోస్తరు. ఒక్క రాత్రికి చాలు. లామాయురులో మాత్రం తప్పకుండా ఒక రాత్రి ఉండండి. చాలామంది ఫొటోలు తీసుకుని లేహ్‌కు వెళ్లిపోతారు. సాయంత్రం వాళ్లంతా వెళ్లాక ఆ పసుపు మట్టి కొండల మీద వెలుగు మారడం చూడాలి. పొద్దున ప్రార్థన వేళకు మఠంలో డోలు మోత మా గెస్ట్‌హౌస్ గదిలోకి వినిపించింది.

లేహ్‌లో చాంగ్‌స్పా వైపు ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. బజారులో పెద్ద హోటళ్లు కూడా చూశాం గానీ, తోట ఉన్న ఇల్లు నచ్చింది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ ఆమా లే అని పిలుస్తారు. అమ్మగారూ అన్నట్టు. మొదటి రోజు మమ్మల్ని బయటికి పోనివ్వలేదు. వేడి నీళ్లు, తుక్పా (నూడుల్స్ సూప్) ఇచ్చి పడుకోమన్నారు. రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండటం కష్టమే, కానీ తర్వాతి వారమంతా దాని మీదే నడిచింది. నీళ్లకు అక్కడ కొరత. బకెట్‌తో స్నానం చేయమని అడిగితే విసుక్కోకండి.

ఖర్దుంగ్ లా దాటి నుబ్రా వెళ్లడానికి భయపడనక్కర్లేదు. కనుమ 5,359 మీటర్లైనా, పడుకునే హుందర్ లేహ్ కంటే కిందే ఉంటుంది. పైన పావుగంట కంటే ఎక్కువ ఉండకండి. పాంగాంగ్‌లో టెంట్ వద్దని మాన్ ఊళ్లో హోమ్‌స్టే తీసుకున్నాం. ఆ రాత్రి గాలి విన్నాక మంచి పని చేశామనిపించింది.

తిరుగు దారి మనాలి వైపు. లేహ్ దగ్గరి కారూ బంకులో ట్యాంక్ నింపి, ఐదు లీటర్ల క్యాన్ కూడా కట్టుకున్నాం. అటు చివర తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని బోర్డు ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. టాంగ్లాంగ్ లా ఎక్కేటప్పుడు బండి మూడో గేరు పట్టుకోలేదు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో దాదాపు సగమే. మనకే కాదు, ఇంజిన్‌కూ ఆక్సిజన్ తక్కువే. ఇద్దరం, సామాను. చివరి రెండు మలుపులు బావ దిగి నడిచారు. ఆ తర్వాత మోరే మైదానం, నలభై కిలోమీటర్ల తిన్నటి రోడ్డు, రెండు పక్కలా ఎవరూ లేరు.

గాటా లూప్స్ 21 మలుపులూ దిగి, సార్చులోనే ఆగాం. కావాలనే. బారాలాచా చుట్టూ వాగులన్నీ మంచు కరిగిన నీళ్లే. మధ్యాహ్నం ఎండకు పొంగుతాయి, రాత్రి చలికి తగ్గుతాయి. మొదటిసారి సాయంత్రం నాలుగింటికి వాటిల్లో ఒకటి దాటుతుంటే నీళ్లు సైలెన్సర్ మీదికి వచ్చాయి. ఈసారి పొద్దున్నే దాటాలంటే రాత్రి అక్కడ పడుకోవడమే దారి. టెంట్ బాగానే ఉంది. రెండు రజాయిలు, బకెట్ వేడి నీళ్లు, పది దాటాక జనరేటర్ ఆపేస్తారు. కానీ జిస్పాలో మంచి గదికి ఇచ్చిన దానికి రెట్టింపు తీసుకున్నారు, అంత విలువ లేదు.

ఆ రాత్రి నేను మూడుసార్లు లేచి బావ వైపు చూశాను. మూడోసారి ఆయనే, "నాకేం లేదురా, పడుకో" అన్నారు. ఐదింటికి లేచి బండి స్టార్ట్ చేశాం. మొదటి వాగు అంచున పల్చగా మంచు పేరుకుని ఉంది. నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. బావ ముందు నడిచి రాళ్లు చూసి చెయ్యి ఊపారు, నేను మొదటి గేరులో దాటించాను.