లిస్బన్ నుంచి హెల్సింకీ దాకా

యూరప్‌లో ఎక్కడికెళ్ళినా గంటా రెండు గంటల ప్రయాణమే అనుకునేవాళ్ళు ఈ రూటు ఒకసారి చూడాలి. పోర్చుగల్ రాజధాని లిస్బన్, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ ఎయిర్‌పోర్టుల మధ్య ఆకాశమార్గంలో దాదాపు 3,360 కి.మీ. హైదరాబాద్ నుంచి దుబాయ్ కూడా ఇంత దూరం లేదు. నేరుగా వెళ్ళే విమానానికి నాలుగున్నర నుంచి ఐదు గంటలు పడుతుంది. టికెట్ మీది చేరే టైములోంచి బయల్దేరే టైము తీసివేస్తే మాత్రం ఏడు గంటల దాకా వస్తుంది, ఎందుకంటే హెల్సింకీ గడియారం రెండు గంటలు ముందుంటుంది. వచ్చేటప్పుడు ఆ రెండు గంటలూ కలిసొస్తాయి గానీ, పడమటి గాలి ఎదురవడంతో విమానం కాస్త ఎక్కువసేపు ఎగరాలి.

అమ్మతో వెళ్ళాను కాబట్టి నేరుగా వెళ్ళాలా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారాలా అని చాలా ఆలోచించాను. ఫ్రాంక్‌ఫర్ట్ దాదాపు దారిలోనే ఉంది, అటు నుంచి వెళ్తే పెరిగేది యాభై కి.మీ. మాత్రమే. కానీ దిగడం, గేటు దాకా నడవడం, మళ్ళీ ఎక్కడం కలిపి రెండు మూడు గంటలు పోతాయి. అన్నీ షెంగెన్ (ఒకదాన్నుంచి ఒకదానికి పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా వెళ్ళే) దేశాలే కాబట్టి ఇమిగ్రేషన్ క్యూ ఉండదు, అయినా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ నడకే పెద్ద శ్రమ. పెద్దవాళ్ళు వెంట ఉంటే కాస్త ఎక్కువ పెట్టయినా నేరుగా వెళ్ళే విమానమే తీసుకోండి.

లిస్బన్ ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉంది, టెర్మినల్ బయటే మెట్రో. రెడ్ లైన్ ఎక్కి అలమెడా స్టేషన్‌లో గ్రీన్ లైన్‌కి మారితే ఊరి నడిబొడ్డున ఉన్న రొస్సియు చేరతాం. బస ఆ చుట్టుపక్కల బైషా అనే పేటలో చూసుకుంటే మేలు, అక్కడ నేల చదును. కొండ మీది పాతపేట అల్ఫామా అందంగానే ఉంటుంది గానీ, ఆ ఎత్తుల్లో రాళ్ళు పరిచిన సందుల్లో సూట్‌కేసు చక్రాలు అడుగడుగునా ఇరుక్కుంటాయి. మెట్రో మొదలయ్యేది ఉదయం 6:30కి, కాబట్టి తెల్లవారుజాము విమానమైతే టాక్సీ తప్పదు.

ఇక తిండి. ఎకానమీలో భోజనం చాలావరకు కొనుక్కోవాల్సిందే, శాకాహారులకు దొరికేది తక్కువ. పులిహోర కట్టుకెళ్ళొచ్చు. పెరుగు మాత్రం సెక్యూరిటీలో ద్రవం కిందే లెక్క, చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మి.లీ. దాటితే తీసేస్తారు.

జూన్‌లో వెళ్తే ఎడమవైపు కిటికీ సీటు అడగండి. హెల్సింకీలో అప్పుడు పొద్దు గుంకేది రాత్రి పదిన్నర దాటాకే. అమ్మ ఆ వెలుగు చూస్తూ నిద్ర సంగతే మర్చిపోయింది. ఎయిర్‌పోర్టు కింద నుంచి ఐ (I), పీ (P) అనే లోకల్ రైళ్ళు నడుస్తాయి, ఏది ఎక్కినా అరగంటలో సెంట్రల్ స్టేషన్. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి చెల్లే ఏబీసీ (ABC) జోన్ టికెట్ ఎక్కే ముందే కొనాలి. స్టేషన్‌కి నడిచివెళ్ళేంత దూరంలో గది తీసుకుంటే హాయి. అర్ధరాత్రి దిగేవాళ్ళకు ఎయిర్‌పోర్టు దగ్గరి హోటలే నయం.

బోర్డింగ్ పాస్ పారేయకండి. విమానం మూడు గంటలో, అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరితే, కారణం వాతావరణం లాంటిది కాకపోతే, ఈ దూరానికి ఒక్కొక్కరికి 400 యూరోల పరిహారం అడిగే హక్కు యూరోపియన్ యూనియన్ (ఈయూ) చట్టం ఇస్తోంది.