షికాగో స్టెల్లాతో తొమ్మిదేళ్లు: చవకైన పాత పార్లర్ గిటారు వాడకంపై సమీక్ష

2016 వేసవిలో షికాగో పడమటి శివారులో ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను వాకిట్లో అమ్మకానికి పెట్టినప్పుడు, కుట్టుమిషనుకూ పచ్చిక కోసే యంత్రానికీ మధ్య గోడకు ఆనించి ఉన్న ఒక చిన్న గిటారును 85 డాలర్లకు కొన్నాను. అది హార్మొనీ కంపెనీ స్టెల్లా పేరుతో అమ్మిన హెచ్929 రకం. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే లోపలి చెక్కమీద ఎఫ్ అనే అక్షరం పక్కన 64 అని ముద్ర కనబడింది, అంటే 1964 నాటిది. అప్పటినుంచి దాదాపు రోజూ అరగంటైనా దీనిని వాయిస్తున్నాను. రెండేళ్ల తరువాత ఇటువంటిదే మరొకటి కొని దెబ్బ తిన్నాను కూడా. ఈ రెండు గిటార్ల అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

పార్లర్ గిటారు అన్న మాట పందొమ్మిదో శతాబ్దపు అమెరికా ఇళ్లలో అతిథులను కూర్చోబెట్టే ముందుగది పేరునుంచి వచ్చింది. నేటి పెద్ద గిటార్లకన్నా నడుము సన్నగా, కింది భాగం పదమూడు అంగుళాల చుట్టుపక్కల వెడల్పుతో, మెడ పన్నెండో మెట్టు (మెడమీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ, ఫ్రెట్) దగ్గరే పెట్టెను కలుసుకునేలా ఉండేవాటిని సాధారణంగా ఈ పేరుతో పిలుస్తారు. పట్టింపుగా చూస్తే నా స్టెల్లా విద్యార్థుల కోసం చేసిన చవక గిటారే తప్ప ఆ కాలపు పార్లర్ గిటారు కాదు. కానీ అమ్మేవాళ్లు చిన్నగా, పాతగా ఉన్న ప్రతిదానికీ ఆ పేరే తగిలిస్తున్నారు కనుక వెతికేవారు ఆ మాటతోనే వెతకక తప్పదు.

హార్మొనీని విల్‌హెల్మ్ షుల్ట్జ్ అనే జర్మను వలసదారు 1892లో షికాగోలో స్థాపించాడు. తపాలా జాబితాలద్వారా దేశమంతా సరుకు పంపిన సియర్స్ సంస్థ 1916లో దానిని కొనుక్కున్నది. స్టెల్లా పేరు మొదట న్యూజెర్సీలోని ఆస్కర్ ష్మిడ్ట్ కంపెనీది. 1939లో హార్మొనీ చేతికి వచ్చింది. విదేశాలనుంచి చవక గిటార్లు వచ్చి పడడంతో 1975లో హార్మొనీ మూతపడింది. ఈ చరిత్ర కొనేవారికి ఒక విధంగా డబ్బుతో ముడిపడినది. అమెరికా బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ వాయించిన పన్నెండు తీగల స్టెల్లా ఆస్కర్ ష్మిడ్ట్ కాలానిది. దాని కీర్తిని చూపి 1960ల నాటి హార్మొనీ స్టెల్లాకు ధర పెంచడం నేను చాలాసార్లు చూశాను. పేరు ఒకటే గాని వస్తువు వేరు. ఆ పేరుకోసం ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వవలసిన పని లేదు.

నా గిటారు ముఖబల్ల, వెనుకబల్ల, పక్కలు అన్నీ బర్చి కర్రవే. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రాల చెట్టు కుటుంబమే ఇది, అయితే హిమాలయాలది కాదు. గిటారు ముఖబల్లకు సాధారణంగా వాడే స్ప్రూస్ కన్నా బర్చి బరువైనది, గట్టిది, చవకైనది. ఆ చవకను కప్పిపుచ్చడానికి కర్ర పోగుల చారలను రంగుతో గీశారు. అంచున పొదిగినట్టు కనబడే తెల్లటి గీత కూడా పూతే. వేళ్లు ఆనే పలకకు నల్లరంగు వేసి ఖరీదైన నల్లకర్ర ఎబొనీలా కనిపించేటట్టు చేశారు. నా వేళ్ల ఒరిపిడికి మొదటి మూడు మెట్ల మధ్య ఆ నలుపు పోయి తెల్లటి మేపుల్ కర్ర బయటపడింది. మెట్లు మెత్తని ఇత్తడివి. దగ్గరనుంచి చూస్తే ఇది పండుగనాటి బొమ్మలకొలువు సామానులా ఉంటుందని మా ఇంట్లోవాళ్లు అంటారు, నేను కాదనలేను.

అయినా దీని ధ్వని బొమ్మ గిటారుది కాదు. మార్టిన్ వంటి పెద్ద కంపెనీల గిటార్లలో ముఖబల్ల కింద ఆధారపు బద్దలు గుణకారపు గుర్తులా ఒకదానినొకటి దాటుతూ ఉంటాయి. ఈ చవక గిటార్లలో నిచ్చెనకు మెట్లు వేసినట్టు అడ్డంగా, ఒకదానికొకటి సమాంతరంగా అతికించారు. ఆ పని త్వరగా అవుతుంది, నైపుణ్యం తక్కువైనా చాలు. ఎంచుకోవడానికి కారణం అంతకుమించి ఏమీ లేదు. ఫలితం మాత్రం విచిత్రంగా వచ్చింది. మీటగానే స్వరం ఒక్కసారి ముందుకు దూకి, వెంటనే తగ్గిపోతుంది. మంద్రంలో గాంభీర్యం ఉండదు, తారంలో మెరుపు ఉండదు. మధ్యస్థాయి మాత్రం పొడిగా, మాట పలికినంత స్పష్టంగా వినిపిస్తుంది. ఒక స్వరం మరొకదాని మీద పరచుకోదు కనుక వేళ్లతో ఒక్కొక్క తీగనూ మీటే వాయింపులో ప్రతి స్వరమూ విడిగా నిలబడుతుంది. మనిషి గొంతుకు తోడుగా వాయించేటప్పుడు ఈ గుణం విలువ నాకు బాగా తెలిసింది: నా దగ్గర ఉన్న కొత్త పెద్ద గిటారు పాటను కమ్మేస్తుంది, ఇది పాట కింద ఒదిగి కూర్చుంటుంది.

కొన్ననాడు ఇది వాయించదగిన స్థితిలో లేదు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. అందులో సగం ఉంటేనే వేళ్లకు సుఖం. ముఖబల్లను వేలి కణుపుతో తడితే ఒకచోట బద్ద ఊడి కటకటలాడింది. తీగలను బిగించే బిరడాల తెల్లటి ప్లాస్టిక్ గుబ్బలు రెండు చేతిలోనే పొడి అయ్యాయి. కొత్త బిరడాలకు 35 డాలర్లు పట్టింది. ఊడిన బద్దను అతికించడానికి మరమ్మతు చేసే ఆయన 120 డాలర్లు తీసుకున్నాడు. జంతువుల తోలునుంచి కాచి తీసే పాతకాలపు జిగురునే వాడమని నేను కోరాను, ఎందుకంటే అది వేడికీ తడికీ వదులుతుంది, మళ్లీ ఎప్పుడైనా విప్పుకోవచ్చు. ఇంతకుముందు ఎవరో ఎపాక్సీ అనే ఊడిరాని రసాయన జిగురు పూసిన చోట మాత్రం ఆయన కూడా చేతులెత్తేశాడు. తీగల ఎత్తు సంగతి నేనే చూసుకున్నాను. ఈ గిటారుకు బ్రిడ్జి (తీగలను మోసే చెక్క) అతికించి ఉండదు; తీగలు చివరన లోహపు పట్టీకి తగిలించి ఉంటాయి, వాటి ఒత్తిడితోనే చెక్క బ్రిడ్జి ముఖబల్లమీద నిలుస్తుంది. ముఖబల్లమీద ఉప్పుకాగితం పరచి, దానిపై బ్రిడ్జిని ముందుకూ వెనక్కూ రుద్దితే పాదాలు బల్ల వంపునకు అతికేలా అరుగుతాయి. అయితే బ్రిడ్జి దగ్గర 3 మిల్లీమీటర్లు తగ్గిస్తే పన్నెండో మెట్టు దగ్గర తగ్గేది అందులో సగమే. అలా 3.5 దగ్గర ఆగాను. ఇంకా అరగదీస్తే తీగలు బ్రిడ్జిమీద నొక్కే బలం తగ్గి శబ్దం పలచబడుతుంది. ఈనాటికీ ఆ ఎత్తులోనే వాయిస్తున్నాను; పై స్వరాల దగ్గర ఎడమచేయి త్వరగా అలసిపోతుందన్నది ఈ గిటారుపై నాకున్న అసలైన ఫిర్యాదు.

చవక పాత గిటారులో డబ్బు మింగేది మెడ కోణం. అరవై ఏళ్లపాటు తీగలు లాగుతూ ఉంటే పెట్టె కొద్దికొద్దిగా ముందుకు ముడుచుకుని, మెడ పైకి లేస్తుంది. తిన్నని ఇనుప కొలబద్దను మెట్లమీద మెడ పొడవునా ఆనిస్తే దాని కొస బ్రిడ్జి పైఅంచును తాకాలి. అంచుకు బాగా దిగువన బ్రిడ్జి చెక్కను గుద్దుకుంటే, మెడను ఆవిరితో విప్పి కోణం సరిచేసి మళ్లీ బిగించవలసిందే. ఇటువంటి గిటార్లలో చాలావాటికి మెడలో సర్దుబాటు చేసుకునే కడ్డీ ఉండదు. ఉన్నా అది మెడ వంపును సరిచేస్తుంది గాని కోణాన్ని కాదు. ఈ తేడా తెలియకనే నేను రెండోసారి కొన్నప్పుడు మోసపోయాను. 2018లో దూరంగా ఉన్న ఒక వ్యక్తి దగ్గర, స్ప్రూస్ ముఖబల్ల, మహాగని పక్కలు ఉన్న హార్మొనీ హెచ్162ను ఫోటోలు మాత్రమే చూసి 140 డాలర్లకూ, రవాణా 45 డాలర్లకూ తెప్పించుకున్నాను. వాయించడానికి హాయిగా ఉందని ఆయన రాశాడు. పెట్టె విప్పి కొలబద్ద పెడితే అది బ్రిడ్జి మధ్యలోకి పోయింది. మెడ సరిచేయడానికి 450 డాలర్లు అవుతుందన్నారు. ఆ మాట విన్నాక దానిని తిరిగి పెట్టెలో పెట్టాను. అప్పటినుంచి కొలబద్దను ఆనించి పక్కనుంచి తీసిన ఫోటో పంపనివారి దగ్గర నేను ఏదీ కొనడం లేదు. ఆ ఫోటో అడిగితే జవాబే ఇవ్వనివారు సగానికి పైగా ఉన్నారు.

తీగల విషయంలో రెండు సంవత్సరాలు ప్రయోగాలు చేశాను. నేటి మామూలు గిటార్లకు వేసే, సన్నతీగ .012 అంగుళం మందం ఉండే కట్టను దీనికి బిగించడం మెడకు అపకారం. .010తో మొదలయ్యే ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు బాగానే పలికాయి, కానీ శ్రుతి దించితే లావు తీగ మెట్లమీద కొట్టుకుని చిటచిటలాడింది. ఇప్పుడు ఉక్కుమీద పట్టుపోగులు చుట్టిన మెత్తని రకం వేసి, లావు తీగ ఒక్కదాన్ని మాత్రం కాస్త మందమైనది పెట్టుకుంటున్నాను. లావు తీగనుంచి సన్నతీగ వరకు డి, ఎ, డి, జి, ఎ, డి అని కూర్చి, డిని షడ్జమంగా తీసుకుంటే స ప స మ ప స అవుతుంది. తంబురా లేనిచోట ఈ కూర్పు ఒక చిన్న ఆధారశ్రుతి.

2019 శ్రావణంలో దీనిని విజయనగరం దగ్గరి మా ఊరికి తీసుకువెళ్లాను. బర్చి కర్రతో ప్రయాణానికి ఇబ్బంది లేదు. కొన్ని ఖరీదైన పాత గిటార్లలో ఉండే బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1992నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది, దానిని అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు. మా మేనత్త నలభై ఏళ్లుగా బొబ్బిలి వీణ వాయిస్తున్నది. నేను నాలుగు స్వరాలు వాయించగానే, "పై షడ్జమం ఎక్కిపోతోందిరా, ముందు దీనికి మేళం కట్టించుకో" అన్నది. వీణకు ఇత్తడి మెట్లను మైనంలో నిలబెడతారు కనుక, శ్రుతి తప్పినప్పుడు మైనం కరిగించి మెట్లను మళ్లీ సరిచేసుకోవచ్చు; మేళం కట్టడమంటే అదే. గిటారు మెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, కదలవు. అయితే ఆమె చెవి పట్టుకున్నది నిజమే. ప్రయాణంలో తీగలన్నీ వదులు చేసినప్పుడు బ్రిడ్జి జరిగింది. పన్నెండో మెట్టు పైన తీగను తేలికగా తాకి పలికించిన స్వరమూ, అక్కడే నొక్కి పలికించిన స్వరమూ ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే బ్రిడ్జిని తోకవైపుకు, తక్కువైతే మెడవైపుకు జరపాలి. మిల్లీమీటరు జరిపేసరికి అత్త తల ఊపింది. ఆనాడే బ్రిడ్జి పాదాల చుట్టూ పెన్సిలుతో సన్నగా గీత గీశాను, ఇప్పుడు తీగలు మార్చినప్పుడల్లా ఆ గీతే నాకు దారి చూపుతున్నది. ఆ నెల తేమకు ముఖబల్ల ఉబ్బి తీగలు మరికాస్త పైకి లేచాయి. షికాగోకు తిరిగి వచ్చిన మూడు వారాలకు వాటంతటవే దిగాయి.

షికాగో చలికాలం దానికి తలకిందులు. ఇంట్లో హీటరు నడిచే నాలుగు నెలలూ గాలిలో తేమ పడిపోతుంది. గిటార్లకు 45నుంచి 50 శాతం తేమ అనుకూలం. సబ్బుడబ్బాకు చిల్లులు పెట్టి, తడిపిన స్పాంజిని అందులో ఉంచి గిటారు పెట్టెలో పడేస్తే చాలు. బర్చి ఇన్నేళ్లలో ఒక్కచోటా చిట్లలేదు. పెట్టెలో మరిచిపోయిన హెచ్162 స్ప్రూస్ బల్ల మాత్రం ఒక జనవరిలో బ్రిడ్జి కిందనుంచి చీలింది, ఆ తప్పు నాది.

ఈ గిటారుమీద ఏది పలుకుతుంది, ఏది పలకదన్న విషయంలో ఇప్పుడు నాకు భ్రమలు లేవు. పాత సినిమా పాటలకు తోడు, తత్త్వాలు, జానపదాలు, అమెరికా బ్లూస్ ధోరణిలో బొటనవేలితో లయ నిలిపి తక్కిన వేళ్లతో పాట నడిపే వాయింపు దీనికి సహజం. తీగల బిగువు తక్కువ కనుక పక్కకు లాగి గమకం పలికించవచ్చు, స్వరమున్నర దాకా తీగ సాగుతుంది. కాని ఆ గమకం పూర్తయ్యేలోగా ధ్వని ఆరిపోతుంది; ఒక్క మీటుమీద నాలుగు స్వరాలు నడిపే నిదానపు ఆలాపన దీనితో కుదరదు. పదిమంది గిటార్లు పట్టుకుని కూర్చున్నచోట ఇది వినబడదు. పన్నెండో మెట్టు దాటిన స్వరాలు ఉన్నా లేనట్టే.

మొదటిసారి గిటారు నేర్చుకోబోయేవారు దీనిని కొనవద్దు. 200 డాలర్ల చుట్టుపక్కల దొరికే కొత్త చిన్న గిటార్ల ముఖబల్ల అతుకుడు పలకతో చేసినదైనా, మెడ తిన్నగా ఉంటుంది, మెట్లు శ్రుతిలో ఉంటాయి, వేళ్లు నొప్పిపుట్టి మూలపడేసే ప్రమాదం తక్కువ. నా స్టెల్లాకు కొన్న ధర, మరమ్మతులు, బిరడాలు కలిపి 240 డాలర్లయింది. ఇప్పుడు అమ్మితే ఆ సొమ్ము తిరిగి రాదు. ఇప్పటికే ఒక మంచి గిటారు ఉండి, కొలబద్ద చేతపట్టుకుని ఎదురుగా చూసి కొనే ఓపిక ఉండి, ఇంట్లో ఒక్కరే కూర్చుని వాయించుకునే అలవాటు ఉన్నవారికి మాత్రం 100 డాలర్ల లోపు దొరికితే వదులుకోవద్దని చెబుతాను. ఇత్తడి మెట్లలో మొదటి రెండింటికి ఈమధ్య తీగల కింద గాడులు పడ్డాయి. వచ్చే నెల వాటిని మార్పించడానికి ఇస్తున్నాను. హెచ్162 ఇంకా మంచం కిందే ఉంది.