నిన్న–నేడు–రేపా, రేరాణా: తిరుపతి మేడ మీద ఏది మేలు?

మేడ మీద ఒక్క తొట్టికే చోటుంటే నిన్న–నేడు–రేపు మొక్క పెట్టాలా, రేరాణి పెట్టాలా అని తిరుపతి మిత్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. రెండూ వంగ, ఉమ్మెత్తల కుటుంబానివే. రేరాణి మనకు ఎప్పటినుంచో తెలిసినదే; బ్రున్‌ఫెల్సియా అనే మొదటిది మాత్రం బ్రెజిల్ అడవుల నుంచి వచ్చిన పొద, మన వీధుల్లో అరుదు.

రేరాణి ఏ మట్టిలోనైనా బతుకుతుంది, కత్తిరించిన కొద్దీ చిగురిస్తుంది. దాని పరిమళం చీకటి పడ్డాకే. అదీ పడకగది కిటికీ పక్కనైతే కొందరు భరించలేనంత ఘాటు.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చేది పువ్వు కాదు, నీళ్లు. బ్రున్‌ఫెల్సియాకు కాస్త ఆమ్లగుణమున్న మట్టి కావాలి. సున్నం ఎక్కువగా ఉన్న బోరునీళ్లు రోజూ పోస్తే తొట్టిమట్టి క్షారగుణానికి తిరుగుతుంది. ఎర్రమట్టికి ఆ రంగునిచ్చినదే ఇనుమైనా, క్షారంలో అది కరగదు గనుక వేళ్లకు అందదు. నా మొక్కకు రెండో ఏట లేత ఆకులన్నీ నిమ్మపండు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలలా మిగిలాయి. నీళ్లు చాలలేదనుకుని మరిన్ని పోస్తే ఇంకా పాలిపోయింది. చివరకు మన వేరుసెనగ రైతులు చేసే పనే చేశాను: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకులపై పిచికారీ చేసి, వారం తర్వాత మళ్లీ చేశాను. కొత్త చిగురు ఆకుపచ్చగా వచ్చింది. అప్పటినుంచి చివికిన ఆకుఎరువు వేస్తూ, కార్తీకమాసపు వాననీటిని డ్రమ్ములో పట్టి పోస్తున్నాను. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ తగలకుండా తొట్టిని గోడనీడకు జరుపుతున్నాను.

ఇంత శ్రమ ఉన్నా నా ఓటు దీనికే. ఊదారంగులో విచ్చిన పువ్వు మరునాటికి లేత ఊదాకు, ఆ మరునాటికి తెలుపుకు మారుతుంది గనుక, ఒకే కొమ్మపై మూడు రోజుల పూలు మూడు రంగుల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. దీని గింజలు కుక్కలకు ప్రాణాంతకం కాబట్టి, కుక్క ఉన్న ఇంట్లో కాయలను పండకముందే తుంచేయాలి.

గంటల్లా వేలాడే పూల చెట్టు ఉమ్మెత్తను కూడా కొందరు అడుగుతున్నారు. అది చల్లని కొండప్రాంతాల మొక్క, మన ఎండలకు వద్దు.

వాననీరు పట్టుకునే వీలు లేక, బోరునీళ్ల మీదే ఆధారపడేవారు మాత్రం రేరాణినే పెట్టుకోవడం మంచిది.