ఇద్దరికి మూడు రోజులు: వైజాగ్–భీమిలి మేలా, చెన్నై–మహాబలిపురం మేలా?

మా చెల్లి, మరిది డిసెంబర్‌లో మూడు రోజులు ఎటైనా వెళ్లొద్దామనుకుంటున్నారు. హైదరాబాద్ నుంచి బయల్దేరతారు. పెద్ద ఊరు ఒకటి చూడాలి, పక్కనే సముద్రం ఒడ్డున చిన్న ఊరు కూడా ఉండాలట. వైజాగ్–భీమిలా, చెన్నై–మహాబలిపురమా అని వారం నుంచి తేల్చుకోలేక నన్నడిగారు. నేనూ మా ఆయనా రెండు చోట్లకీ వేర్వేరుగా వెళ్లొచ్చాం, రెండుసార్లూ రెండు రాత్రులే ఉన్నాం. ఇలాగే ఆలోచిస్తున్న వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి చెల్లికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక విషయం. ఇలాంటి ట్రిప్‌లో అందరూ ఏమేం చూడాలో రాసుకుంటారు గానీ రాత్రి ఏ ఊళ్లో పడుకోవాలన్నది ఆలోచించరు. నన్నడిగితే అసలు తేల్చుకోవాల్సింది అదే. వైజాగ్ వెళ్తే వైజాగ్‌లోనే ఉండి భీమిలికి వెళ్లి రావాలి. చెన్నై వెళ్తే మహాబలిపురంలో ఉండి చెన్నైకి ఒక్క రోజు ఇవ్వాలి. ఇది తిరగేసి చేస్తే రెండు చోట్లా సగం ట్రిప్ పోతుంది. ఎందుకో చెప్తాను.

వైజాగ్ నుంచి భీమిలి సుమారు 30 కిలోమీటర్లు. ఆ దారే ఒక ట్రిప్. కుడి చేతి వైపు సముద్రం, ఎడమ చేతి వైపు కొండలు, చాలా దూరం రెండూ మనతోపాటే వస్తాయి. మేము పొద్దున ఎనిమిదింటికి కారు మాట్లాడుకుని బయల్దేరితే భీమిలి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, ఎందుకంటే ఆగిన చోటల్లా కాసేపు కూర్చుండిపోయాం. ముఖ్యంగా తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం అది, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. ఇటుకల పునాదులు, స్తూపం అడుగుభాగం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు, అయినా కొండ మీద నిలబడి కింద సముద్రాన్ని చూస్తుంటే ఆ భిక్షువులు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గాలీ వానా కలిసి వేల ఏళ్లలో చెక్కిన ఎర్రని గుట్టలు, మధ్యలో సన్నని దారులు. వాటిని జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దయచేసి గుట్టల అంచుల మీదికి ఎక్కకండి, అది రాయి కాదు, ఇసుక మట్టి, కాలు పెడితే జారిపోతుంది. ఫోటోల కోసం జనం ఎక్కుతుంటే నాకు నిజంగా బాధేసింది.

భీమిలి చిన్న ఊరు. బొర్రా గుహల గుండా పారే గోస్తని నది ఇక్కడికొచ్చి సముద్రంలో కలుస్తుంది. డచ్ వాళ్లు వ్యాపారం చేసిన రేవు, బీచ్ దగ్గర వాళ్ల పాత సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. పడవలు, వలలు, లైట్‌హౌస్, నది మొగ దగ్గర గాలి, అంతే. రెండు మూడు గంటలు హాయిగా గడుస్తాయి. రాత్రి ఉండడానికి మాత్రం మాకు నచ్చిన గది దొరకలేదు, ఎనిమిది దాటాక తినడానికీ వెతుక్కోవాల్సి వచ్చేలా ఉంది. అందుకే బస రుషికొండ వైపు తీసుకోమంటాను, అటు భీమిలి, ఇటు ఆర్కే బీచ్, రెండూ అందుబాటులో ఉంటాయి.

ఆర్కే బీచ్‌లో సాయంత్రం మురీ మిక్చర్ తింటూ నడవాలి, కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడాలి. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన ఓడ అది. లోపల మంచాలు ఎంత ఇరుకుగా ఉంటాయంటే, నెలల తరబడి అందులో ఉన్నవాళ్ల మీద గౌరవం దానంతటదే వస్తుంది. సోమవారం మూసి ఉంటుంది. మిగిలిన సగం రోజు సింహాచలానికో కైలాసగిరికో. నీళ్లలో దిగాలనిపిస్తే రుషికొండ దగ్గర, అది కూడా గార్డులు ఉన్న చోటే దిగండి. ఆర్కే బీచ్‌లో అల లాగేస్తుంది, అక్కడ పాదాలు తడుపుకుంటే చాలు.

ఇక చెన్నై. అక్కడి నుంచి మహాబలిపురం 55–60 కిలోమీటర్లు. ఈస్ట్ కోస్ట్ రోడ్ అన్న పేరు విని పక్కనే సముద్రం కనిపిస్తుందనుకుంటాం, మా ఆయన కిటికీ పక్క సీటు కోసం పట్టుబట్టారు కూడా. కనిపించదు. దారి పొడవునా ఇళ్లు, రిసార్టులు, గోడలు. ముట్టుకాడు వంతెన దగ్గర మాత్రం కళ్లు తెరిపిన పడతాయి. దగ్గర్లోనే దక్షిణచిత్ర ఉంది, దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టిన చోటు, మన తెలుగు ఇళ్లు కూడా ఉన్నాయి. మంగళవారం సెలవు. కాబట్టి ఇక్కడ దారి కోసం కాదు, ఊరి కోసం వెళ్లాలి.

ఆ ఊరు భీమిలిలాంటిది కాదు, ఎంత చూసినా తరగదు. వీధుల్లో ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఇప్పటికీ రాయి చెక్కి బతికే ఊరు. ఒత్తవాడై వీధి చుట్టుపక్కల అన్ని ధరల్లో గదులు ఉన్నాయి, రాత్రి పొద్దుపోయేదాకా తిండి దొరుకుతుంది. ఇక్కడే పడుకోమనడానికి ఇంకో కారణం తెల్లవారుజాము. సముద్రం ఒడ్డునున్న గుడి, అంటే తీరాలయం (షోర్ టెంపుల్), ఆరింటికి తెరుస్తారు, చెన్నై నుంచి బస్సులు వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఆ మధ్య గంటల్లో ఊరంతా మీదే. అర్జునుడి తపస్సు అంటారే, ఆ పెద్ద రాతి గోడ ముందు మేమిద్దరం గంటసేపు నిలబడ్డాం. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి అర్జునుడని నేను, గంగ కోసం తపస్సు చేస్తున్న భగీరథుడని మా ఆయన. పండితులు కూడా రెండు మాటలూ అంటారు. కింద ఏనుగుల పక్కన చేతులెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని, దాన్ని నమ్మి చుట్టూ చేరిన ఎలుకల్ని తప్పకుండా వెతకండి. పంచ రథాలంటే రథాల్లా చెక్కిన ఐదు రాతి గుళ్లు, ఒక్కొక్కటీ నిలువు రాయిని పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చినవి, కొన్నిటి అడుగు భాగం పూర్తి కాలేదు, ఆ పూర్తికాని చోటే పని ఎలా చేశారో తెలుస్తుంది. తీరాలయానికీ రథాలకీ కలిపి టికెట్ మనవాళ్లకి 40 రూపాయలు.

చెన్నైలో ఒక్క రోజంటే నేను రెండే చెప్తాను. ఎగ్మూర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు. మన కృష్ణా తీరం నుంచి పట్టుకెళ్లిన సున్నపురాతి పలకలు అక్కడి గోడలకి ఉన్నాయి, తెలుగువాళ్లు ఒక్కసారైనా చూడాలి. శుక్రవారం సెలవు, మేము ఆ రోజే వెళ్లి గేటు దగ్గర నుంచి తిరిగొచ్చి, ఆదివారం మళ్లీ వెళ్లి చూశాం. రెండోది మైలాపూర్. కపాలీశ్వరాలయం, కాఫీ, ఆ దగ్గర్లోనే 1952లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేసి ప్రాణం వదిలిన ఇల్లు. టి.నగర్‌లో చీరల షాపింగ్ మొదలుపెడితే మాత్రం పూట గడిచిపోతుంది, అది ముందే తెలుసుకుని వెళ్లండి.

రైళ్ల సంగతి: రెంటికీ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి చేరుకోవచ్చు. వైజాగ్‌కి సికింద్రాబాద్ నుంచి వందే భారత్ కూడా ఉంది, సుమారు ఎనిమిదిన్నర గంటలు. చెన్నై వైపు తాంబరం దాకా వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నగరం మధ్యలోకి వెళ్లకుండా అక్కడి నుంచే మహాబలిపురానికి కారు మాట్లాడుకోవచ్చు, ట్రాఫిక్ టెన్షన్ ఉండదు.

వాతావరణం దగ్గర ఇంకాస్త జాగ్రత్త. చెన్నైకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే, 2015లోనూ 2023లోనూ ఊరు మునిగింది డిసెంబర్ మొదటి వారంలోనే. నెల సగం దాటాక వెళ్తే నయం, పైగా అప్పుడు సంగీత సభలు కూడా మొదలవుతాయి. వైజాగ్‌కి తుపానుల భయం అక్టోబర్, నవంబర్‌లలో ఎక్కువ, డిసెంబర్ బాగుంటుంది.

మా చెల్లి, మరిదీ ఏడాదంతా ఆఫీసుల్లో తలో షిఫ్టులో పనిచేసి ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోని వాళ్లు. వాళ్లకి చూడాల్సిన చోట్లు తక్కువగా, కూర్చునే చోట్లు ఎక్కువగా ఉండాలి, కాబట్టి వైజాగ్–భీమిలే మేలన్నాను. ఇద్దరిలో ఒకరికైనా శిల్పాలన్నా చరిత్రన్నా ఇష్టముండి, తెల్లవారుజామున లేచే ఓపిక కూడా ఉంటే నేను మహాబలిపురమే అంటాను, అక్కడ చూసినవి నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉన్నాయి. చెల్లి వాళ్లు డిసెంబర్ రెండో వారం గురువారం రాత్రి బండికి టికెట్లు తీసుకున్నారు, రుషికొండలో సముద్రం వైపు గది కోసం మా ఆయన ఫోన్లు చేస్తున్నారు.