టీనేజీ పిల్లలతో తొలి విదేశీ బీచ్: ట్రింకోమలీ, బాలీ, ఫుకెట్, మాల్దీవుల్లో ఏది మేలు?

అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం, పేరుపాలెం, ఉప్పాడ. గోదావరి డెల్టాలో ఏ ఊళ్లో ఉన్నా ఈ బీచ్‌ల్లో ఏదో ఒకటి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలోనే ఉంటుంది. అలాంటప్పుడు పాస్‌పోర్టులు చేయించి, లక్షలు పోసి ఇంకో సముద్రం దగ్గరికి వెళ్లడం ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు నీళ్లలో ఉంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు వల్ల మన తీరంలో నీళ్లెప్పుడూ మట్టిరంగే. మోకాలి లోతులో నిలబడితే మన పాదాలు మనకే కనపడవు. పగడాలకు ఎండ తగలాలి, మీద ఒండ్రు పడకూడదు. అందుకే మనకి కోరింగ మడ అడవి దక్కింది గానీ పగడపు దిబ్బలు దక్కలేదు.

ఇసుక, అల, బజ్జీల బండి మన దగ్గరా ఉన్నాయి. లేనిదల్లా అడుగు దాకా కనపడే నీళ్లే. మనం డబ్బు పెట్టేది దానికోసమే అనుకుంటే సగం పేచీ తీరిపోతుంది. పదమూడు దాటిన పిల్లలు ఇసుక గూళ్లు కట్టరు. చేయడానికి పనేమీ లేకపోతే రెండో రోజుకే ఫోన్లో తల దూరుస్తారు. కాబట్టి మాస్కు పెట్టుకుని నీళ్లలో తల ముంచితే చేపలు కనపడే చోటు కావాలి. అది కూడా మన పిల్లలకు సెలవులున్న రోజుల్లో కావాలి. చాలామంది తప్పేది ఈ రెండో దగ్గరే.

ముందు క్యాలెండరు, తర్వాతే ఊరు

థాయిలాండ్‌లోని ఫుకెట్, మాల్దీవులు, శ్రీలంక దక్షిణ తీరం, ఈ మూడూ అద్దంలా ఉండేది డిసెంబరు నుంచి మార్చి దాకా. ఆ రోజుల్లో మన పిల్లలు ప్రీ ఫైనల్స్‌లో ఉంటారు. మధ్యలో సంక్రాంతి ఉందిగా అంటారా? జగ్గన్నతోట ప్రభల తీర్థం వదిలేసి కోనసీమ వాళ్లు ఎక్కడికి కదులుతారు! దేశాలు తిరిగే బంధువులే ఆ నాలుగు రోజులకు ఊరు చేరతారు. దసరాకి వెళ్దామంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఫుకెట్లో బాగా వానలు పడే కాలం.

ఇక మిగిలేది వేసవి, అంటే ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ రెండో వారం దాకా. మే నెలలో నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రం వైపు నుంచి మొదలవుతాయి. ఫుకెట్ పడమటి బీచ్‌ల మీద అలలు లేస్తాయి, ఎర్రజెండాలు పాతుతారు. మాల్దీవుల్లోనూ గాలివాన మొదలవుతుంది. హోటళ్లు సగం ధరకి దొరికేది అందుకే. ఏజెంటు ‘ఆఫర్ సార్’ అంటాడు గానీ ఎందుకు ఆఫరో చెప్పడు. అదే మే నెలలో ట్రింకోమలీ ఉన్న శ్రీలంక తూర్పు తీరం ప్రశాంతంగా ఉంటుంది. నైరుతి వాన పడమర వైపే కురిసి, నడిమి కొండలు దాటేసరికి పలచబడిపోతుంది. ఇండోనేసియాలోని బాలీలోనూ అప్పుడు పొడి కాలమే, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా.

ఈ లెక్క చూసుకుంటే వేసవి పోటీ ట్రింకోమలీకీ బాలీకీ మధ్యే. మిగతా రెండింటికీ వేరే సందర్భాలున్నాయి, అవీ చెబుతాను.

ట్రింకోమలీ: పెద్దవాళ్లూ వస్తానంటే ఇదే

మొదటిసారి బయలుదేరేవాళ్లకి నా ఓటు దీనికే. రాజమండ్రి దగ్గరి మధురపూడిలో విమానం ఎక్కి చెన్నై, చెన్నై నుంచి కొలంబో గంటన్నర లోపే. రైలు ఇష్టమైతే కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ చెన్నైకి ఉండనే ఉంది. కొలంబో విమానాశ్రయం నుంచి ట్రింకోమలీకి వ్యానులో దాదాపు ఆరు గంటలు. ఇది దీనికున్న పెద్ద లోపం, దాచేది లేదు. దారిలో దంబుల్లా దగ్గర ఒక రాత్రి ఆగి, తెల్లారుతూనే సిగిరియా కొండ ఎక్కితే పిల్లలకి ఆ ప్రయాణం శిక్షలా అనిపించదు.

ఊరికి ఉత్తరాన ఉన్న నిలావెలిలో బస చేయండి. బీచ్ పొడుగు, లోతు నెమ్మదిగా దిగుతుంది. అక్కడి నుంచి పడవలో కొద్దిసేపు వెళ్తే పీజియన్ ఐలాండ్. అది జాతీయ సముద్ర పార్కు కాబట్టి ప్రవేశానికి, పడవకి వేరువేరుగా డబ్బు కట్టాలి. అక్కడ పగడాల మధ్య నల్లమచ్చ రెక్కల చిన్న సొరచేపలు తిరుగుతుంటాయి. మనుషుల జోలికి రావు. సొరచేపను కళ్లారా చూశానని చెప్పుకోవడం పదిహేనేళ్ల కుర్రాడికి ఎంత గొప్పో వేరే చెప్పాలా. మే నుంచి ఆగస్టు మధ్య ఆ తీరంలో తిమింగలాలు కూడా కనపడతాయి, అదృష్టం ఉంటే.

ఇక ఇంట్లో మామ్మగారి సంగతి. “మీ బీచ్‌లకి నేనెందుకురా” అనే ఆవిడ దగ్గర అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం ఎత్తండి. మొదటి మాటే ‘లంకాయాం శాంకరీదేవీ’. ఆ శాంకరీదేవి స్థానం ట్రింకోమలీలో కోణేశ్వరం కొండ మీదేనని సంప్రదాయం. మన ద్రాక్షారామం మాణిక్యాంబ, పిఠాపురం పురుహూతిక కూడా ఆ శ్లోకంలోనే ఉన్నారు. రెండు పీఠాలు గడప దగ్గర చూసిన ఆవిడకి మొదటిది చూపిస్తామంటే మరుసటి రోజుకే చీరలు సర్దుకుంటుంది. పాత గుడిని పోర్చుగీసు వాళ్లు 17వ శతాబ్దంలో కూల్చేశారు. ఇప్పుడున్నది తర్వాత కట్టిందే. ద్రాక్షారామంలా రాతి వైభవం ఉండదని ఆవిడకి ముందే చెప్పండి. సముద్రం మీదకి పొడుచుకొచ్చిన ఆ కొండ మాత్రం చూడాల్సిందే.

తిండికి ఇబ్బంది లేదు. ఊళ్లో తమిళుల శాకాహార హోటళ్లలో ఇడ్లీ, దోశ దొరుకుతాయి. అన్నం, కొబ్బరి, చేపల కూర మన నోటికి పరాయివి కావు. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైనే వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని దుకాణాల్లో యూపీఐ కూడా పనిచేస్తోంది, అయినా చేతిలో నోట్లు ఉంచుకోండి. బయలుదేరే ముందు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్లో తీసుకోవాలి. ఒక్క జాగ్రత్త: బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగితే అక్కడ అపచారం, పోలీసుల దాకా వెళ్లే వ్యవహారం. ఇది పిల్లలకి విమానంలోనే చెప్పాలి.

బాలీ: ఖర్చు ఎక్కువ, పిల్లల మార్కులూ ఎక్కువ

పిల్లల చేత ఓటేయిస్తే ఇదే గెలుస్తుంది. కూటా బీచ్‌లో సర్ఫింగ్ నేర్పేవాళ్లు వరసగా బోర్డులు పేర్చుకుని ఉంటారు. బోర్డు మీద ఒక్కసారి నిలబడగలిగితే ఆ పిల్లవాడు ఇక రెండు రోజులు ఫోన్ అడగడు. పక్కనే నూసా పెనీడా దీవి దగ్గర మాంటా రే చేపలుంటాయి. సాయంత్రం ఉలువాటు కొండ మీద కెచక్ నృత్యంలో రామాయణమే ఆడతారు. సీత, హనుమంతుడు మనకి తెలిసినవాళ్లే కాబట్టి కథ చెప్పక్కర్లేదు. అక్కడి కోతులు మాత్రం కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుపోవడంలో ఆరితేరాయి. అన్నవరం కొండ మీది కోతుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది.

ఖర్చు చూద్దాం. దిగగానే వీసాకి 5 లక్షల రుపియా, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటక రుసుం మరో లక్షన్నర. లక్ష రుపియా అంటే మన డబ్బులో ఐదారు వందలు కాబట్టి కంగారు పడకండి. అయినా నలుగురికి ఏ పదమూడు, పద్నాలుగు వేలో కాలు పెట్టగానే పోతాయి. ప్రయాణం కూడా దూరమే. బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉంది. కాకినాడ, అమలాపురం వాళ్లకి విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లడం తేలిక. కూటాలో అలలు గట్టివి, లోపలికి లాగుతాయి. ఈత సరిగా రాని పిల్లలుంటే సనూర్‌లోనో నూసా దువాలోనో దిగండి, అక్కడ పగడపు దిబ్బలు అలల్ని ఆపుతాయి.

బాలీలో అసలు చిక్కు స్కూటర్లతో. మన దగ్గర పదహారేళ్లవాడు ట్యూషన్‌కి బండి వేసుకెళ్లడం మామూలైపోయింది. అక్కడా అద్దె బండి ఇట్టే ఇస్తారు. ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా నడిపి పడితే ప్రయాణ బీమా పైసా ఇవ్వదు. రోజుకి కారూ డ్రైవరూ మాట్లాడుకోవడమే నయం.

ఫుకెట్, మాల్దీవులు ఎవరికి?

పదో తరగతి పరీక్షలైపోయిన పిల్లలకి ఏప్రిల్ మొదట్లో ఒక వెసులుబాటు దొరుకుతుంది, ఇంటర్ కాలేజీలవాళ్లు లాక్కుపోకముందు. ఆ రెండు వారాలకైతే ఫుకెట్, క్రాబీ వైపు వెళ్లండి. సముద్రం ఇంకా నెమ్మదిగానే ఉంటుంది. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంక్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం. ఊరు ఊరంతా వీధుల్లో నీళ్లు చిమ్ముకుంటుంది, ఈ వయసు పిల్లలకి అంతకన్నా ఏం కావాలి! బస మాత్రం పటాంగ్‌లో వద్దు. రాత్రయితే అక్కడి బార్ల వీధి పిల్లలతో నడిచేది కాదు. కాటా, కారోన్ గానీ, క్రాబీలో ఆవో నాంగ్ గానీ చాలు. జెట్ స్కీ అద్దెకి తీసుకునే ముందు దాన్ని చుట్టూ వీడియో తీయండి, పాత గీతలకి డబ్బు గుంజే బేరం అక్కడ పాతదే. మయా బేకి వెళ్లినా అందులో ఈదనివ్వరు, తెలిసి వెళ్లండి. వీసా లేకుండా రానిచ్చే నియమం 2024 జూలైలో సడలించారు. అది ఇప్పుడూ ఉందో లేదో, ఎన్ని రోజులకో టికెట్ కొనేముందు సరిచూసుకోండి. 2025 మే నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డు తప్పనిసరి. మే నెలలో థాయిలాండే కావాలంటే తూర్పు వైపు తీరంలోని కో సముయి దీవి మంచిది, విమాన టికెట్ మాత్రం మండిపోతుంది.

మాల్దీవుల్లో నీళ్లు నాలుగింటిలోనూ ఉత్తమం, అది ఒప్పుకోవాలి. మాఫుషి లాంటి ఊరి దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుంటే రిసార్టు ధరలో ఎన్నో వంతుకే అయిపోతుంది. మద్యం కూడా ఉండదు, తల్లిదండ్రులకి ఒక బెంగ తగ్గుతుంది. కానీ దీవి చుట్టూ నడిచి రావడానికి కాసేపు చాలు. సాయంత్రం ఆరు తర్వాత టీనేజీ పిల్లలకి అక్కడ చేసేదేమీ లేదు. మూడు రోజులకి మించి వద్దు. పూజకి విగ్రహాలు తీసుకెళ్లనివ్వరు, సూట్‌కేసులో చిన్న వెంకన్న విగ్రహం పెట్టుకునే అలవాటున్నవాళ్లు ఇంట్లోనే ఉంచి వెళ్లాలి.

ఎక్కడికెళ్లినా

గోదారి పిల్లలకి ఈత కాలవలో వస్తుంది. కాలవలో నీరు ఒకవైపే పోతుంది, రెండు చేతులేస్తే గట్టు. ఆ ధీమాతోనే సముద్రంలో ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు, మన పేరుపాలెంలో కూడా. అల వెనక్కి పోయేటప్పుడు ఒక సన్నని పాయగా లోపలికి లాగేస్తుంది. దానికి ఎదురీదితే ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. వెల్లకిలా తేలాలి, చెయ్యి ఊపాలి, ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ పాయ నుంచి బయటపడ్డాకే ఒడ్డు వైపు తిరగాలి. ఎర్రజెండా ఉంటే దిగనే కూడదు.

మాస్కు సంగతి. అద్దం లోపలివైపు ఉమ్మి రాసి సముద్రపు నీళ్లతో ఒకసారి కడిగితే ఆవిరి పట్టదు. పిల్లలు ముందు ఛీ అంటారు, కాసేపటికి వాళ్లే చేస్తారు. నుదుటి మీది వెంట్రుక ఒక్కటి అంచు కింద ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. నాన్నగారి మీసం సరేసరి, దాని మీద కాస్త వాజిలిన్ రాయాలి. నడుము లోతులో మోకాళ్ల మీద కూర్చుని, మొహం మాత్రం ముంచి, నోటితో నెమ్మదిగా పది సార్లు ఊపిరి పీల్చాకే ముందుకి పంపండి. గాభరా అంతా ఆ మొదటి నిమిషంలోనే.

ఆడపిల్లల బట్టల మీద ఇంట్లో వాదన పెట్టుకోవద్దు. పొడుగు చేతుల రాష్‌గార్డు (ఈతకి వేసుకునే చొక్కా), లెగ్గింగ్ వేస్తే ఎండ నుంచీ చూపుల నుంచీ కాపాడతాయి. చుడీదార్, చున్నీతో నీళ్లలోకి మాత్రం దించకండి. నూలుబట్ట తడిస్తే బరువెక్కి కిందికి లాగుతుంది. నెలసరి తేదీలు చూసుకుని పడవ రోజు పెట్టుకోవడం కూడా అమ్మలు మొహమాటం లేకుండా మాట్లాడాల్సిందే.

సామాన్ల దగ్గరికొస్తే, ఆవకాయ సీసా పెద్ద పెట్టెలో వేయండి, చేతి సంచిలో పెడితే స్కానింగ్ దగ్గరే తీయించేస్తారు. పూతరేకులు చేతిలోనే ఉండాలి, లేకపోతే పొడి మిగులుతుంది. కోనసీమ వాళ్లు అలవాటుగా వేసుకెళ్లే ఎండు కొబ్బరి మాత్రం పెద్ద పెట్టెలోనూ ఒప్పుకోరు. నూనె శాతం ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్క. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే.

పన్నెండేళ్లు నిండితే విమానంలో పూర్తి టికెట్టే, చాలా హోటళ్లూ పెద్దవాళ్ల కిందే లెక్కేస్తాయి. బడ్జెట్ వేసేటప్పుడు ‘ఇద్దరు పిల్లలు’ అని రాసుకోకండి. ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా పట్టుకుంటారు, రిటర్న్‌లో చూపించి సర్దుకోవచ్చు.

ఇవన్నీ తేలకముందే చూడాల్సింది పాస్‌పోర్టు. మైనర్లకి ఐదేళ్లే గడువు, లేదా పద్దెనిమిది నిండేదాకా. పదిహేను దాటినవాళ్లు పదేళ్లది అడగొచ్చు. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. చిన్నప్పుడెప్పుడో తీసిన పాస్‌పోర్టు బీరువాలో ఉందిగా అని ధీమాగా ఉండకండి, తీసి తేదీ చూడండి. కొత్తదానికి తల్లిదండ్రులిద్దరూ అనెక్షర్ డి అనే సమ్మతి పత్రం మీద సంతకాలు చేయాలి. భీమవరం సేవా కేంద్రంలో వేసవికి రద్దీ ఉంటుంది, జనవరిలోనే స్లాటు తీసుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయించండి. అక్కడ ఇంటిపేరు విడమరిచి ఉంటే ఇక్కడా విడమరిచే ఉండాలి, పొడి అక్షరం కుదరదు.