ఆన్‌లైన్ అంతర్జాతీయ పియానో పోటీకి ఫీజు కట్టొచ్చా? జడ్చర్ల నుంచి ఒక తండ్రి రివ్యూ

మొదటే చెప్పేస్తాను. జడ్జిలు రాసి పంపిన కామెంట్లకు ఐదుకు నాలుగున్నర స్టార్లు. రిజిస్ట్రేషన్ పద్ధతికి మూడు. ప్రైజు, మెడల్, 'విన్నర్స్ కాన్సర్ట్' ఆహ్వానం, ఈ మూడింటికీ కలిపి ఒకటి. అదీ మర్యాద కోసం.

పోటీ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి నెట్‌లో చాలా కనిపిస్తున్నాయి, నేను రాసేది వాటిలో దేనికైనా దాదాపుగా సరిపోతుంది. యూరప్‌లోని ఒక సంస్థ నడుపుతోంది. క్లాసికల్ పియానో, పిల్లలకూ యువతకూ వయసులవారీగా కేటగిరీలు, మొత్తం వీడియోల మీదే. మా పాపకు పన్నెండేళ్లు.

నాది జడ్చర్లలో విత్తనాలు, ఎరువుల షాపు. సంగీతం నాకు రాదు. కానీ విత్తన సంచి మీద మొలక శాతం, లాట్ నంబరు, గడువు తేదీ చూడకుండా సరుకు దించనివ్వను. ఈ పోటీ నియమాలూ అలాగే చదివాను, చివరి పేజీ చిన్నక్షరాలతో సహా.

పాప సంగతి క్లుప్తంగా. మా వైపు చాలామంది పిల్లలకు పియానో లాంటిది మొదట కనపడేది చర్చిలోనే, కీబోర్డ్ రూపంలో. మా పాప కూడా చర్చి కీబోర్డ్ అన్న పక్కన నిలబడే కార్డ్స్ (మూడు నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కడం) పట్టడం నేర్చుకుంది. కొన్నాళ్లకు ఆయనే అన్నాడు, "అన్నా, ఈ పిల్లకు నోట్స్ సదవుడు నేర్పియ్యాలె, అది నాతోని కాదు" అని. ఆ మాట చెప్పడానికి పెద్ద మనసు కావాలి. అప్పటి నుంచి హైదరాబాద్‌లో ఒక మేడం దగ్గర, ఎక్కువగా ఆన్‌లైన్‌లో, అప్పుడప్పుడు ఎదురుగా కూర్చుని నేర్చుకుంటోంది. ఇంట్లో ఉన్నది 88 కీల డిజిటల్ పియానో, కీలు బరువుగా ఉండే రకం.

అంతర్జాతీయ పోటీ అనగానే చుట్టాలు ఒలింపిక్స్ స్థాయిలో ఊహించుకుంటారు. అలాంటివీ ఉన్నాయి. వార్సాలో 1927లో మొదలైన, స్వరకర్త షోపాన్ పేరిట నడిచే పోటీ ఐదేళ్లకోసారి జరుగుతుంది, అది పెద్దవాళ్లది. పిల్లలకైతే జర్మనీలో ఎట్లింగెన్ పోటీ 1988 నుంచి ఉంది. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన చైనా పియానిస్టు లాంగ్ లాంగ్ 1994లో, చిన్న పిల్లవాడిగా, అక్కడ మొదటి బహుమతి గెలిచాడు. అమెరికాలో క్లైబర్న్ అనే పియానో పోటీ సంస్థ వాళ్లు 13 నుంచి 17 ఏళ్ల వాళ్ల కోసం 2015లో జూనియర్ పోటీ మొదలుపెట్టారు. వీటిలో చివరికి విమానం ఎక్కి, వాళ్ల స్టేజీ మీద, జ్యూరీ ఎదుట వాయించాల్సిందే. మేం కట్టింది ఆ రకం కాదు. వీడియో పంపి, ఫీజు కట్టి, మెయిల్ కోసం ఎదురుచూసే రకం. ఈ తేడా తెలుసుకునే కట్టాం.

తేడా తెలుసుకోవడానికి దారి ఉంది. జెనీవాలో 1957లో ఏర్పడిన అంతర్జాతీయ సంగీత పోటీల ప్రపంచ సమాఖ్య తన సభ్యుల జాబితాను వెబ్‌సైట్‌లో పెడుతుంది. పియానిస్టు మార్తా ఆర్గెరిచ్, గుస్తావ్ అలింక్ కలిసి 1999లో పెట్టిన అలింక్-ఆర్గెరిచ్ ఫౌండేషన్ కూడా పియానో పోటీల వివరాలు ఇస్తుంది. మీరు కట్టబోయే పోటీ పేరు ఈ రెండు చోట్లా వెతకండి. లేకపోతే మోసమని కాదు, కానీ ఎంత ఆశించాలో తెలుస్తుంది. తర్వాత జ్యూరీ పేర్లు చూడండి. పేరు పెట్టి వెతికితే వాళ్లు వాయించిన వీడియోలు గానీ, పాఠం చెప్పే కాలేజీ గానీ దొరకాలి. మాకు దొరికాయి, అందుకే ముందుకు వెళ్లాం.

ఇక నియమాలు. వయసు ఒక తేదీ నాటికి లెక్క, రుజువుగా పాస్‌పోర్ట్ గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ పంపాలి. రెండు వేర్వేరు కాలాల రచనలు వాయించాలి. నోట్స్, అంటే స్వరాలు రాసి ఉన్న కాగితం, చూడకూడదు. ముఖం, చేతులు, కీలు మూడూ వీడియోలో కనపడాలి. ఒక రచన మధ్యలో కట్ ఉండకూడదు, శబ్దాన్ని ఎడిట్ చేయకూడదు. వీడియోను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లకే కనపడేలా) పెట్టి లింక్ పంపాలి. ఇవన్నీ న్యాయమైనవే. మమ్మల్ని ఇబ్బంది పెట్టింది ఒక్కటే: డిజిటల్ పియానో ఒప్పుకోరు. తీగలున్న అసలు పియానోనే కావాలి.

ఫీజు యూపీఐలో పోదు. కార్డే దిక్కు. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆఫ్‌లో ఉంటాయి, 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం అది. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని, పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేసుకోవాలి. యూరోల్లో కనపడిన మొత్తం మీద బ్యాంకు మార్కప్ (విదేశీ చెల్లింపుకు వేసుకునే అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ కూడా పడతాయి కాబట్టి స్క్రీన్ మీది లెక్కకంటే కొంచెం ఎక్కువే పోతుంది. జడ్జిల రాతపూర్వక కామెంట్లకు వేరే ఫీజు. "కామెంట్లకు గూడ పైసలా?" అని మా ఆవిడ అడిగింది. కట్టాం.

డెడ్‌లైన్ చూసుకోవడం మర్చిపోవద్దు. వాళ్ల దగ్గర జూన్‌లో రాత్రి 11:59 అంటే మనకు తెల్లవారుజామున 3:29. పైగా జూన్ అంటే నాకు పత్తి విత్తనాల సీజన్. షాపు ముందు ట్రాక్టర్లు, కౌంటర్ మీద పాస్‌బుక్కులు, మధ్యలో మేడం ఫోన్: "రికార్డింగ్ ఎప్పుడు పెట్టుకుందాం సార్?"

రికార్డింగ్ గురించే కొంచెం ఎక్కువ రాస్తాను, మీకు పనికొచ్చేది అదే.

జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో తెలిసిన వాళ్లందరినీ అడిగాను. వాయించదగ్గ స్థితిలో ఉన్న అసలు పియానో ఎవరి దగ్గరా దొరకలేదు. చివరికి సికింద్రాబాద్‌లో గంట లెక్కన అద్దెకిచ్చే ఒక గది దొరికింది. అందులో అప్‌రైట్ పియానో, అంటే బీరువాలా నిలువుగా ఉండే రకం. 44వ నంబరు హైవే మీద షాద్‌నగర్ దాటి, సిటీ ట్రాఫిక్ ఈది అక్కడికి చేరేసరికే పాప సగం అలసిపోయింది. మొదటి గంట రికార్డింగే చేయొద్దని మేడం చెప్పింది. అది బంగారం లాంటి సలహా. డిజిటల్‌కు అలవాటు పడ్డ వేళ్లకు ఇక్కడ ప్రతి కీ వేరేగా అనిపిస్తుంది. ఇంట్లో వాల్యూమ్ తగ్గించుకుని వాయించే పిల్ల, గదంతా మోగేసరికి తన శబ్దానికి తనే బెదిరింది. అన్నిటికంటే తేడా పెడల్‌లో. చౌక డిజిటల్ పియానోలతో వచ్చే పెడల్‌కు ఆన్, ఆఫ్ రెండే తెలుసు. అసలు పియానోలో పెడల్ తొక్కితే డ్యాంపర్లు (తీగల మోతను ఆపే మెత్తటి దిమ్మలు) తీగల మీద నుంచి మెల్లగా లేస్తాయి, ఎంత తొక్కితే అంత. సగం తొక్కడం అనేది పాప కాలికి ఆ రోజే తెలిసింది.

పంపిన రచనలు రెండు. స్వరకర్త బాఖ్ రాసిన రెండు గొంతుల ఇన్వెన్షన్లలో (ఒక్కో చెయ్యి ఒక్కో రాగవరస వాయించే చిన్న రచనలు) ఎనిమిదోది, ఎఫ్ మేజర్‌లో. షోపాన్ రాసిన ఎ మైనర్ వాల్ట్జ్ (మూడు బీట్ల నాట్య సంగీతం), నేర్చుకునే పిల్లలంతా ఎప్పుడో ఒకప్పుడు వాయించేది. బాఖ్ ఈ పదిహేను ఇన్వెన్షన్లనూ 1723లో శుద్ధప్రతిగా రాసిపెట్టాడు, నేర్చుకునేవాళ్లు రెండు గొంతులనూ శుభ్రంగా వాయించడానికని. ఎనిమిదో దానిలో కుడిచెయ్యి ఒక మాట అంటుంది, ఒక బార్ (తాళంలో ఒక చుట్టు లాంటిది) ఆగి ఎడమచెయ్యి అదే మాట కింది స్థాయిలో అంటుంది. ఎక్కడైనా ఒక వేలు జారితే దాచుకోవడానికి చోటుండదు. కార్డ్స్ ఉన్న పాటలో తప్పు కలిసిపోతుంది, ఇందులో బయటపడుతుంది. మధ్యలో కట్ కుదరదు కదా, జారిన ప్రతిసారీ మొదటి నుంచే.

గదిలో ఏసీ వేస్తే హోరు, ఆపితే చెమట. వేళ్లు జారుతున్నాయని ఏసీ వేసి చల్లబరిచి, రికార్డింగ్ ముందు ఆపేవాళ్లం. ఆ గదివాళ్లు మరమ్మతు చేయించుకోవాల్సింది ఏసీ ఒక్కటే, పియానో మాత్రం శ్రుతిలో ఉంది. కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్తాను: వాయించేవాళ్ల కుడివైపు, భుజం ఎత్తులో, కొంచెం ముందుకి. అప్పుడు ముఖం, రెండు చేతులు, కీలు అన్నీ వస్తాయి.

అసలు చిక్కు శబ్దం. ఫోన్లు మన మాటలు స్పష్టంగా వినపడాలని శబ్దాన్ని వాటంతట అవే సర్దుతాయి. మెల్లగా వాయిస్తే పెంచుతాయి, గట్టిగా వాయిస్తే తొక్కేస్తాయి. పాప గదిలో వాయించినప్పుడు నాకే తేడా తెలిసింది. వీడియోలో ఆ తేడా సగం మాయమైంది. రికార్డింగ్ లెవెల్‌ను చేత్తో పెట్టుకునే యాప్ గానీ, విడి మైక్ గానీ, చిన్న ఆడియో రికార్డర్ గానీ ఉంటే మేలు. విడిగా తీసిన శబ్దాన్ని వీడియోకు జతచేయొచ్చా లేదా అన్నది మీ పోటీ నియమాల్లో చూసుకోండి, కొన్నిచోట్ల అదీ ఎడిటింగ్ కిందే లెక్క.

ఫలితాలు ఆలస్యం చేయకుండా వచ్చాయి. సెకండ్ ప్రైజ్. ఇల్లంతా పండగ. తర్వాత జాబితా తెరిచాను. ఇక్కడ ప్రైజులు మార్కుల ప్రకారం ఇస్తారు, ఫలానా మార్కులు దాటిన అందరికీ ఫస్ట్, దాని కింద అందరికీ సెకండ్. పాప కేటగిరీలో సెకండ్ ప్రైజ్ వాళ్ల పేర్లు చూడ్డానికి స్క్రీన్ జరుపుతూనే ఉన్నాను. ఈ సంగతి నియమాల్లో రాసే ఉంది కాబట్టి దగా అనలేను. కానీ మా బావమరిది ఆగలేదు. జడ్చర్ల చౌరస్తాలో ఫ్లెక్సీ వేయిస్తానన్నాడు, మధ్యలో పాప, పైన నాయకుల ఫొటోలు. "మామా, సెకండ్ ప్రైజ్ శానామందికి వచ్చింది, వద్దు" అని పాపే ఆపింది. ఆ మాటకు నేనైతే ఫస్ట్ ప్రైజ్ ఇస్తాను.

సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా ఉచితం. మెడల్ కావాలంటే దాని ధర, పోస్టు ఖర్చు మనవే. కట్టలేదు. ఆ తర్వాత వచ్చింది విన్నర్స్ కాన్సర్ట్ ఆహ్వానం. విదేశంలో పేరున్న హాల్లో వాయించవచ్చు, కాకపోతే పాల్గొనడానికి మళ్లీ ఫీజు, వీసా, విమానం, హోటల్ అన్నీ మన ఖర్చే. ఒక విషయం తెలుసుకోండి. పెద్ద పేరున్న హాళ్లు చాలావరకు అద్దెకు కూడా దొరుకుతాయి. న్యూయార్క్ కార్నెగీ హాల్ అంటే ఒక్క హాలు కాదు, మూడు. వాటిలో చిన్నదైన వైల్ రిసైటల్ హాల్‌లో సీట్లు 268. హాలు పేరు గొప్పదైనంత మాత్రాన ఆ హాలు వాళ్లే మన పిల్లను ఎంచుకుని పిలిచినట్టు కాదు. డబ్బుండి, సరదాగా పిల్లలకు ఊరు చూపించి రావాలనుకుంటే వెళ్లండి. అప్పు చేసి మాత్రం వద్దు. మేం వెళ్లలేదు.

ఇప్పుడు నాలుగున్నర స్టార్ల సంగతి. ఇద్దరు జడ్జిలు విడివిడిగా రాశారు. పొగడ్త రెండు వాక్యాల్లో ముగించి పనిలోకి దిగారు. బాఖ్‌లో పాప ఒకచోట శబ్దం పెంచుతూ పోయింది. అది బాఖ్ రాసింది కాదు, ఎవరో ఎడిటర్ చేర్చిన గుర్తు, ఏ ప్రతి చూసి నేర్చుకున్నావని ఒకాయన అడిగాడు. తీసి చూస్తే నిజమే, మా దగ్గరున్నది నెట్‌లో ఉచితంగా దొరికే పాత ఎడిషన్. మేడం ఇప్పుడు ఉర్‌టెక్స్ట్ ప్రతి తెప్పించింది, అంటే రచయిత రాసినదానికి వీలైనంత దగ్గరగా అచ్చువేసిన ప్రతి. వాల్ట్జ్‌లో ఎడమచేతి మొదటి బీట్ మెల్లగా, రెండో మూడో బీట్లు గట్టిగా పడుతున్నాయి, తలకిందులుగా ఉండాలి అని ఇంకొకావిడ రాసింది. ప్రతి బార్‌కు పెడల్ ఆలస్యంగా మారుస్తున్నావు, రెండు స్వరసమూహాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి అని కూడా. మధ్యలో పైకి ఎగబాకే అర్పెజియోలో (కార్డ్‌లోని స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చోట) తొందరపడ్డావని బార్ నంబరుతో సహా ఇచ్చింది. శబ్దంలో హెచ్చుతగ్గులు తక్కువన్నారు ఇద్దరూ. అందులో పాప వాటా ఎంత, ఫోన్ వాటా ఎంత అన్నది మేడం తేల్చింది, అదే రచన ఎదురుగా వాయించమని విని: సగం సగం.

గ్రేడ్ పరీక్షలతో పోల్చమని ఎవరైనా అడగొచ్చు. పాప ట్రినిటీ గ్రేడ్లు రాస్తోంది, నూటికి 60 వస్తే పాస్, 75కు మెరిట్, 87కు డిస్టింక్షన్. ఏబీఆర్ఎస్ఎంలో 150కి 100, 120, 130. రెండూ లండన్ సంస్థలే, లెక్క నిక్కచ్చిగా ఉంటుంది, ఆ మార్కులకు చోటా మోటా విలువ కాదు. సిలబస్ ప్రకారం మెట్లెక్కాలంటే అవే మేలు. కానీ మాకు వచ్చిన పరీక్ష రిపోర్టులో ఒక్కో రచనకు కొద్ది వాక్యాలే. బార్ నంబర్లు వేసి, ఎందుకో చెప్పిన కాగితం ఇదే మొదటిసారి చూశాం.

కాబట్టి కామెంట్లు ఇచ్చే పోటీ అయితేనే కట్టండి. కట్టేముందు నమూనా కామెంట్ చూపించమని మెయిల్ పెట్టండి, మేం అడిగితే పంపారు. పిల్లలకు రెండు రచనలు నోట్స్ చూడకుండా, ఆగకుండా వచ్చాకే కట్టండి. అసలు పియానో మీద కనీసం కొన్ని గంటలు కూర్చోబెట్టకుండా రికార్డింగ్‌కు తీసుకెళ్లొద్దు. స్కూల్లో చూపించడానికి సర్టిఫికెట్ కావాలనే అయితే ఇంత ఖర్చు దండగ, ఆ డబ్బుతో సగం పెడల్‌ను గుర్తించే మంచి పెడల్ కొనండి, మీ పియానో దానికి సపోర్ట్ చేస్తుందో లేదో మాన్యువల్‌లో చూసుకుని మరీ.